రెండిళ్ళ చెట్టు

వృక్షశాస్త్ర సంస్థలో ఆయనను అందరూ ముక్కు మావయ్య అనేవారు. నిజానికి ఆయనతో చుట్టరికం ఉన్నది అమ్మడికి ఒక్కదానికే. ఆమె తల్లికి స్వయానా తమ్ముడు. అయినా విద్యార్థులకూ, తోటి శాస్త్రవేత్తలకూ, చివరికి గేటు దగ్గర కాపలా మనిషికీ ఆయన మావయ్యే. ఆయన ముక్కేమీ పొడవు కాదు. అది చేసే పనిని బట్టి వచ్చిందా పేరు.

పువ్వు చూసి చెట్టు పేరు చెప్పడం పెద్ద విద్య కాదు. కానీ ఉష్ణమండలపు అడవిలో పువ్వులు మబ్బుల దగ్గర పూస్తాయి, మనుషులు వేళ్ళ దగ్గర నిలబడతారు. చాలా చెట్లు ఏళ్ళ తరబడి అసలు పూయనే పూయవు. కింద ఉన్నవాడికి దక్కేది ఇంత బెరడు, ఒక రాలిన ఆకు. మావయ్య బెరడు మీద చిన్న గాటు పెట్టి, ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగేవాడు. ఆ తర్వాత ఆ చెట్టు ఏ కుటుంబానిదో కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసేవాడు. మామిడి కుటుంబానికి జిగురు ఘాటు, నిమ్మ కుటుంబానికి నూనె పరిమళం, వేప కుటుంబంలో కొన్నింటికి వెల్లుల్లి కంపు. తప్పడం అరుదు. చెప్పాక చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు ఒకసారి కలియజూడటం మాత్రం ఎప్పుడూ తప్పదు.

అమ్మడు అదే సంస్థలో రసాయన ప్రయోగశాల చూసుకునేది. మావయ్య ఇంట్లోనే మేడ మీద గదిలో ఉండేది. ఆమె చదివింది కూడా చెట్ల చుట్టరికాలే, కాకపోతే దారి వేరు. అక్కచెల్లెళ్ళకు ముఖంలో పోలికలు ఉన్నట్టే ఒక కుటుంబపు చెట్లకు లోపల తయారయ్యే పదార్థాలలో పోలికలుంటాయి. ఆకునో బెరడునో దంచి సారాయిలో నానబెడుతుంది. ఆ సారం చుక్కను తెల్లటి పొడి పూసిన చిన్న గాజు పలక అడుగున పెట్టి, పలకను సాల్వెంట్ అనే ద్రావకం కాస్త పోసిన సీసాలో నిలబెడుతుంది. సాల్వెంట్ పైకి పాకుతుంటే అందులోని ఒక్కో పదార్థం ఒక్కో ఎత్తున ఆగిపోతుంది. తర్వాత మందు చల్లి వేడి చేస్తే మచ్చలు రంగులు తేలుతాయి. ఏ రంగు, ఏ ఎత్తు అన్నదాన్ని బట్టి చెట్టు ఎవరి తాలూకో చెప్పొచ్చు.

"నీ సీసాలన్నీ కలిసి పొద్దంతా చేసే పని నా ముక్కు ఒక్క పీల్పులో చేస్తుందే," అనేవాడు మావయ్య భోజనాల దగ్గర.

"నీ ముక్కును ఇంకో ఊరికి పార్సెల్ చేయగలమా మావయ్యా? నా పలకను చేయొచ్చు," అనేది అమ్మడు.

అత్త ఇద్దరి కంచాల్లోనూ వడ్డిస్తూ, "ముక్కులూ పలకలూ తర్వాత. ముందు నోటికి పని చెప్పండి," అనేది.

ఆ ఏడు కొత్తగా చేరిన విద్యార్థుల కోసం అమ్మడు ఒక పోటీ పెట్టింది. ఒక వైపు మావయ్య ముక్కు, ఇంకో వైపు ఆమె పలక. ఆకు చూపిస్తే ఈనెలు చూసి చెప్పేస్తాడని, సారాలను మాత్రమే చిన్న సీసాల్లో పోసి వరసగా పెట్టింది. విద్యార్థులు బల్ల చుట్టూ మూగారు. మావయ్య కండువా సర్దుకున్నంత దర్జాగా కోటు సర్దుకుని కూర్చున్నాడు. అమ్మడు మొదటి సీసా చేతికిచ్చింది.

ఆయన మూత తీశాడు. కళ్ళు మూసుకున్నాడు. గట్టిగా పీల్చాడు.

"కర్పూరం," అన్నాడు. "దాని వెనకాలే నక్కినట్టు కాస్త దాల్చినచెక్క. ఇంకేం చూడక్కర్లేదు. దాల్చిన కుటుంబం!"

చప్పట్లు మోగాయి. అమ్మడు నవ్వుతూ సీసా వెనక్కి తీసుకుని అడుగున అంటించిన చీటీ చూసింది. నవ్వు అక్కడే ఆగిపోయింది. తొందరలో ఆమె ఇచ్చింది సారం ఉన్న సీసా కాదు, గాజు సామాను కడగడానికి పక్కన పెట్టుకున్న శుద్ధమైన నీళ్ళు.

ఆమె సీసాను గప్‌చుప్‌గా కోటు జేబులో వేసుకుని, "మందు చల్లే స్ప్రే పాడైంది, పోటీ ఇంకో రోజు పెట్టుకుందాం," అని అందరినీ పంపించేసింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అత్త వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. అమ్మడు పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఎక్కడ మొదలెట్టాలో తెలియలేదు.

"అత్తా, మావయ్యకి..." అని ఆగింది.

"వాసన రావడం లేదు," అంది అత్త కత్తి ఆపకుండా. "పోయిన వానాకాలంలో జ్వరం వచ్చింది చూడు, అప్పటి నుంచి."

అమ్మడు నోరెళ్ళబెట్టింది. "నీకు చెప్పాడా?"

"ఆయన చెప్పడమేమిటి! పాలు పొంగి మాడి, ఇల్లంతా కంపు కొడుతుంటే పొయ్యి పక్కనే నిలబడి పేపరు చదువుకుంటున్నాడు. అంతకన్నా చెప్పేదేముంటుంది?"

"మరి నువ్వు అడగలేదా?"

అత్త ఈసారి కత్తి పక్కన పెట్టింది. "ఆయనకి ఉన్న గొప్పంతా ఆ ముక్కు మీదే వేలాడుతోందే పిల్లా. నేనడిగితే లేదని బొంకాలి. కట్టుకున్నవాడి చేత పనిగట్టుకుని ఎందుకు బొంకించడం? డాక్టరు దగ్గరికి మాత్రం ఒంట్లో నలత అని వంక పెట్టి తీసుకెళ్ళాను. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. అడగదలిస్తే నువ్వే అడుగు. నీ మీద ఆయనకి కోపం నిలవదు."

మావయ్య వెనక వరండాలో కూర్చుని అడవికి తీసుకెళ్ళే కత్తిని నూనె గుడ్డతో తుడుస్తున్నాడు. అమ్మడు జేబులోంచి సీసా తీసి ఆయన ముందు పెట్టింది.

"మావయ్యా, పొద్దున నేను నీకిచ్చింది ఇదే."

"దాల్చిన కుటుంబం. చెప్పాగా?"

"నీళ్ళు."

మావయ్య సీసాను చూశాడు. ఆమెను చూశాడు. తర్వాత సీసా మూత తీసి రెండు గుక్కల్లో తాగేసి, "అవును, నీళ్ళే," అన్నాడు.

నవ్వాలో ఏడవాలో అమ్మడికి తెలియలేదు. ఆయనే ముందు నవ్వాడు గానీ ఆ నవ్వు సగంలోనే చెదిరిపోయింది.

"ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చావు?"

"కళ్ళు పూర్తిగా మూస్తే గదా! రెప్పల సందులోంచి ఈనెలు చూసుకునేవాడిని. బెరడైతే గాటు రంగు, రసం చిక్కదనం. ముక్కు పోయినా బుర్ర పోలేదుగా. కానీ..." ఆయన కత్తిని ఒరలో పెట్టాడు. "అడవిలోకి వెళ్తే చెవుడు వచ్చినట్టుందమ్మడూ. ఇదివరకు ప్రతి చెట్టూ పలకరించేది. ఇప్పుడు అన్నీ మొహం తిప్పుకుని నిలబడ్డట్టు ఉంటుంది."

అమ్మడు ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుంది. ఆయన తనలో తాను అనుకుంటున్నట్టు మెల్లగా అన్నాడు.

"అసలు ఈ ముక్కు ఎప్పుడో మోసం చేయడం మొదలెట్టిందేమో. వాగు దాటాక ఆ పెద్ద చెట్టు లేదూ, రెండిళ్ళ చెట్టు..."

ఆ కథ అమ్మడికి తెలుసు. సంస్థలో తెలియనివాళ్ళు లేరు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఒక సభలో లేచి, వాగు అవతలి పెద్ద చెట్టు బెరడుకు దాల్చిన కుటుంబపు కర్పూరం వాసనా, ఆకుకు వేప కుటుంబపు వెల్లుల్లి వాసనా వస్తున్నాయని చెప్పాడు. ఒకే చెట్టుకు రెండు పుట్టిళ్ళు ఎలా ఉంటాయని సభంతా గొల్లుమంది. "మావయ్యకు జలుబు చేసింది," అని ఎవరో అన్నారు. ఆ మాట అలాగే నిలిచిపోయింది. చెట్టుకు రెండిళ్ళ చెట్టు అన్న వెక్కిరింపు పేరు మిగిలింది గానీ, అసలు పేరు పెట్టే ధైర్యం ఎవరూ చేయలేదు. ఎవరూ దాని పువ్వు చూడలేదు మరి.

"రేపు నాతో వస్తావా అక్కడికి?" అంది అమ్మడు.

"వచ్చి ఏం చేయను? ఈ ముక్కు పెట్టుకుని?"

"ముక్కు ఇంట్లో పెట్టి రా. గోకడానికి చేతులున్నాయిగా."

మర్నాడు జీపులో ఇద్దరూ వాగు దాకా వెళ్ళి, అక్కడి నుంచి నడిచారు. రెండిళ్ళ చెట్టు మాను చుట్టూ తీగలు దుప్పటి కప్పినట్టు అల్లుకుని ఉన్నాయి. అవి లేని చోట మావయ్య కొంచెం బెరడు చెక్కాడు. ఆకుల కోసం బరువు కట్టిన తాడును పైకి విసిరారు. పట్టు దొరికి లాగేసరికి ఆకులతో పాటు ఒక పుల్ల కూడా విరిగి మావయ్య నెత్తిన పడింది. ఆయన దాన్ని అలవాటు కొద్దీ ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి, సగం దారిలో గుర్తొచ్చి చెయ్యి దించేశాడు. అమ్మడు చూడనట్టు సంచీ సర్దుకుంది.

ప్రయోగశాలలో ఆయన ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడి వెక్కిరించేవాడు. ఆ రోజు మాత్రం స్టూలు లాక్కుని లోపల కూర్చున్నాడు. అమ్మడు పలక చేతికిచ్చి చుక్కలు ఎక్కడ పెట్టాలో చూపించింది.

"ఈ వయసులో మళ్ళీ పలక పట్టించావ్," అన్నాడు.

"అక్షరాలు కుదురుగా రాయి. చెయ్యి వణికితే చుక్క పాకుతుంది."

ఒక పలక మీద ఆల్కలాయిడ్లనే పదార్థాలను పట్టిచ్చే మందు చల్లారు. దాల్చిన కుటుంబంలో అవి తరచూ దొరుకుతాయి. బెరడు చుక్క ఎక్కిన దారిలో నారింజ రంగు మచ్చలు పొడుచుకొచ్చాయి. ఆకు దారిలో ఏమీ లేదు. ఇంకో పలక మీద వేప కుటుంబపు చేదును పట్టిచ్చే మందు చల్లారు. ఈసారి ఆకు దారిలో గులాబీ మచ్చలు పూశాయి, బెరడు దారి బోసిగా ఉండిపోయింది.

మావయ్య రెండు పలకలనూ రెండు చేతుల్లో పట్టుకుని వెలుతురుకు ఎత్తాడు.

"ఇది కర్పూరం," అన్నాడు నారింజను చూస్తూ. "ఇది వెల్లుల్లి."

"వాసనవి వేరే పదార్థాలు మావయ్యా, ఈ మచ్చలు..."

"తెలుసులేవే. నన్ను ఒక్క నిమిషం ఉండనీ." ఆయన పలకలు దించలేదు. "నేను కట్టు కథ చెప్పలేదన్నమాట ఆ రోజు."

అమ్మడికి మాత్రం గంతులేయాలని లేదు. ఏదో కలగలిసిపోయిందని అనుమానం. అన్నీ కడిగి, కొత్త సారం తీసి, మళ్ళీ మొదటి నుంచి చేసింది. అవే మచ్చలు. వేప కుటుంబపు ఆ చేదు దాల్చిన కుటుంబంలో ఉన్నట్టు ఆమె ఎక్కడా చదవలేదు. అప్పుడామె కళ్ళు మావయ్య నెత్తిన పడ్డ పుల్ల మీద పడ్డాయి. దానికీ బెరడుంది కదా! పుల్ల బెరడు గీకి దాని సారం కూడా పలక ఎక్కించింది.

గులాబీ మచ్చలు వచ్చాయి. నారింజ లేదు.

"మావయ్యా! ఇలా రా, ఇది చూడు. మాను బెరడు వేరు, కొమ్మ బెరడు వేరు! ఒకే చెట్టుకు రెండు రకాల బెరడు ఉంటుందా?"

"ఎలా ఉంటుంది, అది ఒకే..." అని మొదలెట్టి ఆయన ఆగిపోయాడు. ఆయన నోరు మెల్లగా తెరుచుకుంది. "ఒకే చెట్టయితే కదా!"

ఇక ఆగేది లేదు. ఉడతను పిలిపించారు. ఉడత అంటే సంస్థలో తాళ్ళతో చెట్లెక్కే ఆమె. ఆరడుగుల మనిషి, నవ్విందంటే కిటికీ అద్దాలు అదురుతాయి. ఉడత అని ఎవరు పేరు పెట్టారో గానీ, మాను మీదికి పాకేటప్పుడు చూస్తే ఒప్పుకోక తప్పదు.

ఆమె నడుముకు పట్టీ బిగించుకుని ఎక్కడం మొదలెట్టింది. మావయ్యా అమ్మడూ మెడలు వెనక్కి విరుచుకుని చూస్తూ నిలబడ్డారు. ఉడత తీగల్లో మాయమైపోయింది. కాసేపు తీగలు తెగిపడటం తప్ప ఏమీ తెలియలేదు.

"అక్కా, ఏమైనా కనిపించిందా?" అని అరిచింది అమ్మడు.

"ఉండు! ఇక్కడ మాను నోరు తెరుచుకునుంది!"

"అంటే?"

"అంటే బోలు! ఎప్పుడో పెద్ద గాలికి పైభాగం విరిగిపోయినట్టుంది. ఆ బోలులోంచి ఇంకో చెట్టు మొలిచి, నిటారుగా పైకి పోయింది. లోపలిది లావెక్కి లావెక్కి బయటదాన్ని ఒరుసుకుని, రెండూ అతుక్కుపోయాయి! అతుకు కనబడుతోంది, తీగల కింద!"

మావయ్య అమ్మడి భుజం పట్టుకున్నాడు. "బయటి చెట్టు బతికే ఉందా?" అని గొంతు చించుకుని అడిగాడు.

"బతకడమా! అవతలి పక్కన దానికో కొమ్మ ఉంది సార్. ఆకులు వేరు. కాయలు కూడా ఉన్నాయి. కోసుకు రమ్మంటారా, నన్నే చూసి చెప్పమంటారా?"

"కోసుకురా తల్లీ! నీకు పుణ్యముంటుంది!"

సంచీలో కాయల కొమ్మతో ఉడత దిగేదాకా ఆయన కాలు ఒక చోట నిలవలేదు. కాయ చేతిలో పడగానే మాత్రం ఒళ్ళంతా నిమ్మళమైంది. చిన్న నల్లటి కాయ, బుల్లి గిన్నెలో కూర్చోబెట్టినట్టు ఉంది. దాన్ని తిప్పి చూశాడు, ఆకు ఈనెలు వేలితో తడిమాడు, భూతద్దం పెట్టి గిన్నె అంచు చూశాడు.

"దాల్చిన కుటుంబమే. అందులోనూ ఏ జాతో చెప్పగలను. ఇది ఈ అడవిలో లేదనే అనుకున్నామింతకాలం. దీని నీడలోనే నిలబడి దెబ్బలాడుకున్నాం!"

"మరి లోపలిది?" అంది అమ్మడు.

"వేప కుటుంబం అని నీ పలక చెప్పింది. అంతవరకే. జాతి చెప్పాలంటే అది పూయాలి." ఆయన లోపలి చెట్టు కొసల వైపు తలెత్తి చూశాడు. "నేనుండగా పూస్తే సరే. లేకపోతే నువ్వు చూసి చెబుదువుగానిలే."

ఆ మాటలో దిగులేమీ లేదు. ఇంకా తెలియనిది ఒకటి మిగిలినందుకు ఆయనకు సంబరంగానే ఉంది. ఉడత ఆయన్ను అమాంతం ఎత్తి ఒక చుట్టు తిప్పి దించింది. జీపులో తిరిగొస్తూ ముగ్గురూ ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ, చెప్పిందే చెప్పుకుంటూ, గొంతులు పోయేదాకా మాట్లాడుకున్నారు.

తర్వాతి వారం విద్యార్థులందరినీ అక్కడికి తీసుకెళ్ళారు. సంగతి తెలిశాక సంస్థలో పెద్దలు కూడా కొందరు వెంట వచ్చారు. అత్త కూడా టిఫిన్ క్యారియర్లు సర్దుకుని జీపెక్కింది. అమ్మడు పలకలు చూపించి, మచ్చలను బట్టి తాను ఎలా ఆలోచించిందో చెప్పింది. ఒకప్పుడు ఆ సభలో నవ్వినవాళ్ళలో ఒకాయన ముందుకొచ్చి, "జలుబు మాకేనయ్యా చేసింది," అని మావయ్య చెయ్యి పట్టుకున్నాడు.

ఒక విద్యార్థిని బెరడు ముక్క తెచ్చి మావయ్యకు అందించింది. "సార్, ఒక్కసారి వాసన చూసి చెప్పరూ? మేము చూడాలి."

అత్త చేతిలోని గ్లాసు అలాగే ఆగిపోయింది. అమ్మడు ఏదో అడ్డం వేయబోయింది. మావయ్య చెయ్యెత్తి వారించాడు.

"నాకు వాసన రాదమ్మా," అన్నాడు అందరికీ వినబడేలా. "ఏడాది దాటింది. ఈ మధ్య మీ ముందు చేసిందంతా నటన. ఈ పిల్ల నాకు నీళ్ళిస్తే కర్పూరం అన్నాను." కొందరు నవ్వారు, కొందరు నవ్వాలో వద్దో తెలియక నేల చూశారు. "అందుకని ఇక మీరే పీల్చి నాకు చెప్పాలి. నువ్వు చెప్పు, దీని వాసన ఎలా ఉంది?"

ఆ అమ్మాయి బెరడును ముక్కుకు ఆనించింది. "మా పెట్టెలో బట్టల మధ్య పెట్టే ఉండల్లా..."

"కర్పూరమా?"

"అదే, కానీ ఇంకా తియ్యగా. దగ్గుమందులా కూడా ఉంది."

"దగ్గుమందా!" మావయ్య పడి పడి నవ్వాడు. "ఇన్నేళ్ళలో ఆ మాట నాకు తట్టనే లేదు. తర్వాత? ఇంకొకరు రండి!"

ఇక చూడాలి ఆ సందడి. ఆకులూ బెరళ్ళూ చేతులు మారాయి. ఒకడికి తడిసిన చెప్పుల వాసన వచ్చింది, ఒకడికి వాళ్ళ నాయనమ్మ మోకాళ్ళకు రాసుకునే తైలం గుర్తొచ్చింది. మావయ్య ప్రతిదానికీ చెవి ఒగ్గి, "సబ్బా? ఏ రకం సబ్బు? ఒంటికి రుద్దేదా, బట్టలకా?" అని తరచి తరచి అడిగాడు. తాను పీల్చినన్నాళ్ళూ ఆయన ఇంతగా ఎవరినీ అడిగింది లేదు. చూస్తూ చూస్తూ అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుని, గ్లాసు ఎత్తి గటగటా తాగింది.

భోజనాలయ్యాక మావయ్య ఉడత పక్కన చేరాడు. "ఆ పట్టీలో నన్ను కూర్చోబెట్టి పైకి లాగగలవా?"

"మీరు చాలా తేలిక సార్."

"ఏవండోయ్!" అని అత్త లేచి నిలబడింది. "ఈ వయసులో చెట్టెక్కుతారా? పడితే ఎముకలు ఏరడానికి నేను రాను!"

"ఎక్కేది నేను కాదోయ్, ఉడత ఎక్కిస్తోంది," అంటూ ఆయన అప్పటికే పట్టీలో కాళ్ళు దూర్చేశాడు.

కప్పీ కట్టి, ఉడతా నలుగురు విద్యార్థులూ తాడు పట్టుకున్నారు. మావయ్య తిరుగుతూ, ఊగుతూ, ఒక చెప్పు జారవిడుస్తూ పైకి వెళ్ళాడు. రెండు చెట్లూ ఒకదాన్నొకటి ఒరుసుకున్న అతుకు దగ్గర ఆగి, దాని మీద అరచెయ్యి ఆనించాడు. ఇంకా పైకి లాగమని సైగ చేశాడు. రెండు రకాల ఆకులూ కలిసిపోయిన చోటికి చేరాక ఆయన కనిపించలేదు, గొంతు మాత్రం వినిపించింది.

"అమ్మడూ! ఇక్కడి నుంచి అడవంతా కనబడుతోందే! వాగు కూడా! ఇంతకాలం కింద నిలబడి ఏం చూశామే మనం!"

అమ్మడు రెండు చేతులూ ఊపింది. ఆయన దిగి రావడానికి చాలాసేపు పట్టింది, ఎందుకంటే దించబోయినప్పుడల్లా "ఇంకాసేపు" అని అరిచాడు. చివరికి నేల మీద పాదం మోపాడు. జుట్టు నిండా చెత్త, ముఖం నిండా నవ్వు. అత్త దగ్గరికొచ్చి ఆయన తల మీది ఆకులు దులిపి, కాళ్ళూ చేతులూ ఒకసారి తడిమి చూసుకుంది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి.

తర్వాత ఆమె చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, ఉడత వైపు తిరిగి, "ఆ పట్టీ ఇటియ్యి," అంది.